మణికట్టు మీద గుండ్రటి ముద్ర

గన్‌ఫౌండ్రీలో బ్యాంకుల వెనక సందులో రబ్బరు స్టాంపులు చేసే ఇంద్రసేనకు రెండు విషయాల్లో తిరుగులేదు. ఒకటి, అక్షరాలను తిరగేసి చదవడం. రెండోది, ఆయన రక్తం.

మొదటిది వృత్తి వల్ల అబ్బింది. రబ్బరు మీద అక్షరం కుడిఎడమలు తారుమారుగా ఉంటేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. రెండోది పుట్టుకతో వచ్చింది. అందులో ఆయన చేసిన కృషి ఏమీ లేదు. అయినా మనిషి ఎక్కువగా గర్వపడేది తాను కృషి చేయని వాటి గురించే కదా.

ఆ రక్తాన్ని బాంబే గ్రూపు అంటారు. పదివేలమందిలో ఒకరికి ఉంటే ఉంటుంది. పైపైన పరీక్షిస్తే ఓ గ్రూపులాగే కనబడుతుంది గానీ, ఆ మనిషికి మామూలు ఓ రక్తం ఎక్కించారంటే ప్రాణం మీదికి వస్తుంది. అదే గ్రూపు మనిషిని వెతికి పట్టుకోవాల్సిందే. ఇరవై ఏళ్ళ కింద తండ్రి ఆపరేషనుకని ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేసినప్పుడు ఇంద్రసేనకు తన గొప్పతనం తెలిసివచ్చింది. అప్పటినుంచి ఎక్కడ ఎవరికి అవసరం పడినా వెళ్ళి ఇచ్చివచ్చాడు. ఎన్నిసార్లు ఇచ్చాడో అడిగితే తారీఖులతో సహా చెబుతాడు, అందుకని తెలిసినవాళ్ళెవరూ అడగరు. దుకాణంలో లక్ష్మీదేవి పటం పక్కనే శాలువా కప్పుకున్న తన ఫొటో ఉంటుంది. స్టాంపు ఆరేదాకా కూర్చోవలసి వచ్చిన గిరాకీలకు ఆ ఫొటో వైపు చూడక తప్పదు. చూశాక వినకా తప్పదు.

అలాంటి మనిషి కిందటి నెల గౌలిగూడలో స్కూటరు మీదినుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి కాసేపు స్పృహ లేదు. కళ్ళు తెరిచేసరికి ఏదో చిన్న దవాఖానలో మంచం మీద ఉన్నాడు, మంచానికి వేలాడే కాగితం మీద ‘ఓ పాజిటివ్’ అని ఉంది. ఆయనకు రక్తం ఎక్కించే అవసరం పడలేదు గానీ, ఆ రెండు ముక్కలు చూసి పోయినంత ప్రాణం స్కూటరు మీదినుంచి పడ్డప్పుడు కూడా పోలేదు.

భార్య రశ్మి జేబులో ఒక చీటీ పెట్టుకోమంది. ప్రమాదం జరిగినచోట మనిషికన్నా ముందు మాయమయ్యేది జేబేనని ఆయన వాదించాడు. ఎవరూ కొట్టేయలేని చోట రాయించుకోవాలని తీర్మానించాడు. ఒక శుక్రవారం మధ్యాహ్నం దుకాణం షట్టరు దించి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో పచ్చబొట్లు పొడిచే జెస్విన్ దగ్గరికి బయలుదేరాడు.

జెస్విన్‌కు పాతికేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న మెదక్ దిక్కు పాస్టరు. కొడుకు చేసే పనిని ఆయన ‘డ్రాయింగ్’ అని చెప్పుకుంటాడట. పేర్లూ, సీతాకోకచిలుకలూ, సింహాలూ పొడిచి అలవాటైన ఆ అబ్బాయి ఇంద్రసేన గీసి తెచ్చిన నమూనాను అటూ ఇటూ తిప్పి చూశాడు. గుండ్రటి గీత, లోపల ఇంకో గుండ్రటి గీత, ఆ రెంటి నడుమ ఇంగ్లీషులో బాంబే బ్లడ్ గ్రూప్ అన్న అక్షరాలు, కింద ఒక చుక్క. అచ్చం గెజిటెడ్ ఆఫీసరు సీలు.

“మీ దిక్కు తిప్పాల్నా అంకుల్, ఎదుటోళ్ళ దిక్కా? చానామంది వాళ్ళకు వాళ్ళు చదువుకునేటట్టే అడుగుతరు.”

“స్పృహ తప్పినోడు ఏం చదువుకుంటడు బాబూ? డాక్టరు దిక్కు తిప్పు.”

నమూనాను చర్మం మీదికి దించే పల్చటి కాగితం తిరగేసి ఉండగానే చదివి, రెండు అక్షరాల నడుమ ఎడం ఎక్కువైందని ఇంద్రసేన తేల్చాడు. జెస్విన్ మళ్ళీ తీశాడు. కళ్ళముందే ప్యాకెట్ చింపి కొత్త సూది బిగించాడు. ఎడమ మణికట్టు లోపలివైపు చర్మం పల్చన, నరాల మీదే పని. ఇంద్రసేన పళ్ళు బిగపట్టి కిటికీలోంచి కనబడే చెప్పుల బోర్డును చివరినుంచి మొదటికి చదువుతూ కూర్చున్నాడు. అయిపోయాక జెస్విన్ దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, తడి తగలనీయొద్దన్నాడు. ఇక ఎవడు ఏ కాగితం మీద ఏం రాసుకున్నా ఫికర్ లేదనుకుంటూ, ఇంద్రసేన చొక్కా చేతికి గుండీ పెట్టుకుని మెట్లు దిగాడు.

ఆఖరి మెట్టు మీద ఉండగా ఫోన్ మోగింది. రక్తదాతలను కూడగట్టే దుర్గేష్. అతడు నమస్తే కూడా అనలేదు. నాంపల్లిలో కాన్పుల దవాఖానలో భవ్య అనే అమ్మాయి ఉంది, రెండో కాన్పు, మాయ అడ్డం పడి రక్తం పోతోంది, ఆపరేషన్ చేయక తప్పదు. ఆ అమ్మాయిది ఇంద్రసేన గ్రూపే. రక్తం చేతిలో లేకుండా కత్తి పెట్టలేమని డాక్టరమ్మ అంటోంది. ఇంద్రసేన “గీడనే ఉన్న, వస్తున్న” అని చెప్పి ఆటో ఎక్కాడు. ఆటో కదలకుండా ట్రాఫిక్కులో చిక్కుకున్నంతసేపూ దైవం తన చేతి మీద ముద్ర వేయించి మరీ పిలిపించుకుందని మురిసిపోయాడు.

దవాఖాన గేటు దగ్గర భవ్య భర్త అంజన్ నిలబడి ఉన్నాడు. జహీరాబాద్‌లో కరెంటు పని చేసే కుర్రాడు. చొక్కా మీద ఎండిన రక్తపు మరక ఉంది. ఇంద్రసేనను చూడగానే వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. ఇంద్రసేన అలవాటైన చేత్తో అతణ్ణి లేపి, అలవాటైన మాట ఒకటి చెప్పి, రక్తం తీసుకునే గదిలోకి నడిచాడు.

ఆ గదిలో ఇవాంజెలిన్ అనే సిస్టరు ఉంటుంది. రక్తం తీసేముందు అడగవలసినవన్నీ ఆమే అడుగుతుంది, ఇంద్రసేనను చాలా ఏళ్ళుగా ఎరుగుదును గదా అని ఒక్క ప్రశ్న కూడా వదలదు. కామెర్లు వచ్చాయా? మలేరియా? పన్ను పీకించుకున్నారా? ఇంద్రసేన జవాబులు ఎప్పుడూ సంకల్పం చెప్పించే పురోహితుడికి యజమాని ‘మమ’ అన్నట్టే ఉంటాయి. ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్నలు ఎన్నిసార్లు అడిగారో అన్నిసార్లూ ఆయన వినలేదు.

“ఈ ఏడాదిల పచ్చబొట్టేమన్న వేయించుకున్నరా?”

“లేదు.”

నోరు ముందు పరిగెత్తింది, చెవి తర్వాత అందుకుంది. చొక్కా చేతి కింద ప్లాస్టిక్ కాగితం చిన్నగా చప్పుడు చేసింది. ఇవాంజెలిన్ తల ఎత్తలేదు. కుడి చెయ్యి చాపమంది.

పచ్చబొట్టు ఎడమ చేతికి, రక్తం తీసేది కుడిచేతినుంచి. ఒక అబద్ధానికి ఇంత అనువుగా మనిషి శరీరాన్ని అమర్చిపెట్టింది ఎవరో గానీ గొప్ప ముందుచూపు గలవాళ్ళు. సూది కొత్తది, కళ్ళారా చూశాడు. ఏమవుతుంది? ఏమీ కాదు. కాకపోవచ్చు. అద్దం తలుపు అవతల అంజన్ రెండు అరచేతులూ అద్దానికి ఆనించి లోపలికే చూస్తున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే ఆ అమ్మాయి గతేంటి? విప్పకుండా ఇచ్చి, ఆ సూదిలోనో సిరాలోనో ఏదైనా ఉంటే ఆ అమ్మాయి గతేంటి?

ఈ ధర్మసంకటం చూడ్డానికి చాలా గంభీరంగా ఉంది గానీ, అందులో ఒక మోసం ఉంది. అది ఇంద్రసేనకు తెలుసు. ఉన్నవి రెండు దారులే కావు. మూడో దారి చాదర్‌ఘాట్‌లో ఉంటుంది. దాని పేరు పద్మ.

తండ్రి ఆపరేషన్ నాటి పరీక్షల్లో బాంబే గ్రూపు అని తేలింది ఇద్దరికి. ఇంద్రసేనకూ, ఆయన చెల్లెలు పద్మకూ. దాతల్లో పేరు రాయించేటప్పుడు ఇంద్రసేన తనది ఒక్కటే రాయించాడు. చెల్లెలు బక్కపిల్ల అని ఇంట్లో చెప్పాడు. ఆ తర్వాత శాలువా వచ్చింది, ఫొటో వచ్చింది. ‘ఊళ్ళో నా ఎరుకలో నేనొక్కణ్ణే’ అన్న మాట వచ్చింది. ఆ మాట ‘మేమిద్దరం’ అంటే అంత బాగుండదు. పద్మ తన పేరు కూడా రాయించమని ఏళ్ళ తరబడి అడిగి మానేసింది.

“సిస్టర్, జర ఆగు” అని ఇంద్రసేన ఎడమ చేతి గుండీ విప్పాడు.

ఇవాంజెలిన్ ఆ ముద్రను చూసింది. చుట్టూ ఎర్రగా కందిన చర్మాన్ని చూసింది.

“ఇదెప్పుడు?”

“ఇయ్యాల మధ్యాహ్నం.”

“మంచిగ రాపిచ్చుకున్నరు. ఏడాది దాక పనికిరాదని కూడ కింద రాపియ్యాల్సిండె.”

అద్దం తలుపు తెరుచుకుంది. సంగతి అర్థమైన అంజన్ లోపలికొచ్చి, ఏమన్న కానీ తీసుకోమని, అయ్యేదేదో తర్వాత చూసుకుంటామని ఆమెను బతిమాలాడు. కొన్ని రోగాలు రక్తంలో చేరిన కొత్తలో ఏ పరీక్షకూ దొరకవనీ, రేపు తల్లికి అంటుకుంటే ఎవరూ వెనక్కి తీయలేరనీ ఇవాంజెలిన్ నెమ్మదిగా చెప్పింది. డాక్టరమ్మ కూడా పైనుంచి అదే మాట చెప్పి పంపింది. అంజన్ ఇందాక మొక్కబోయిన ఆ కాళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపుకన్నా తిట్టినా బాగుండేదనిపించింది ఇంద్రసేనకు.

దుర్గేష్ ఫోన్ చేస్తూనే ఉన్నాడు. అదే గ్రూపున్న వరంగల్ మనిషి కిందటి నెలే ఇచ్చాడు, ఇంకొకాయనకు జ్వరం, మూడో ఆయన ఫోన్ ఎత్తడం లేదు. ఇంద్రసేన వరండాలోకి వెళ్ళి చెల్లెలికి ఫోన్ చేశాడు.

“ఏందన్నా, స్కూలు టైముల చేస్తున్నవ్? వదిన మంచిగనే ఉందా?”

“మంచిగుంది. పద్మా, నాంపల్లి దవాఖానల ఒకమ్మాయి ఉంది. కాన్పు కష్టమైంది. మన రక్తమే.”

“మరి ఇచ్చినవా?”

“నేనియ్యరాదు. పచ్చబొట్టు పొడిపిచ్చుకున్న.”

అవతల పిల్లల గోల దూరమైంది, పద్మ తరగతి గదినుంచి బయటికి వచ్చినట్టుంది.

“గీ వయసుల పచ్చబొట్టు ఎందుకన్నా?” అంది పద్మ. తర్వాత, “అయితే? నన్ను అడుగుతున్నవా?”

“ఔ.”

“నోటితోని అడుగు.”

వరండాలో వచ్చేపోయే జనం ఉన్నారు. ఇంద్రసేన గోడ వైపు తిరిగాడు. “నీ రక్తం కావాలె, పద్మా. నాతోని కాదు. నీతోనే అయితది.”

“యాదికుందా, నా పేరు రాపియ్యమని నేనడిగితే నువ్వేమంటుండె? ‘నేనున్న గదా’ అంటుండె.”

“ఔ. అంటుండె.”

“నాంపల్లి మెట్రో కాడ నిలబడు. తిట్టుడు ఉంది, అది తొవ్వల తిడ్త.”

ఆమె మలక్‌పేటలో రైలెక్కి, నాంపల్లిలో దిగి, మెట్ల మీదినుంచి దాదాపు పరుగెత్తుతూ వచ్చింది. వేళ్ళకు పరీక్ష పేపర్లు దిద్దిన ఎర్ర సిరా అలాగే ఉంది. దారిలో ఒక్క మాట కూడా తిట్టలేదు. ఇంద్రసేనకు భయం ఇంకా ఎక్కువైంది.

ఇవాంజెలిన్ ప్రశ్నలన్నీ అడిగింది. పద్మ ప్రతిదానికీ ఆలోచించి జవాబు చెప్పింది. బరువు సరిపోయింది, అతికష్టం మీద. గ్రూపు నిజమేనని తేలింది. ఇక మిగిలింది రక్తంలో బలం ఉందా లేదా అన్నది. దానికి ఒక గాజు పాత్రలో నీలం నీళ్ళుంటాయి. వేలి చివర పొడిచి తీసిన చుక్కను అందులో వేస్తారు. తేలితే బలం లేనట్టు, ఇంటికి పంపిస్తారు. మునిగితే గట్టెక్కినట్టు.

చుక్క పడింది. కొంచెం దిగి, నడిమధ్యలో ఆగింది. అంజన్ ఒకడుగు ముందుకు వచ్చాడు. బక్కపిల్ల, ఏం రక్తం ఉంటుంది అని ఇరవై ఏళ్ళపాటు తాను ఇంట్లో చెప్పిన మాటలన్నీ వచ్చి ఆ చుక్క కింద నిలబడి, దాన్ని పైకి ఎత్తుతున్నట్టే ఉంది. ఇవాంజెలిన్ కూడా పాత్రను కదపలేదు. చుక్క ఒకసారి వణికి, మెల్లగా, తన ఇష్టం వచ్చినంత సేపు తీసుకుని, అడుక్కు చేరింది.

“పడుకోండి మేడం” అంది ఇవాంజెలిన్.

పద్మ మంచమెక్కింది. సూది గుచ్చేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుంది, ఆ తర్వాత తెరిచి, గొట్టంలోంచి దిగుతున్న ఎర్రటి ధారను పిల్లల చేతిరాతను చూసినట్టు శ్రద్ధగా చూసింది. ఇంద్రసేన అద్దం అవతల, అంజన్ పక్కన నిలబడ్డాడు. ఆ గదిని బయటినుంచి చూడడం ఆయనకు అదే మొదటిసారి. లోపల పడుకున్నవాళ్ళకు ఎంత తొందరగా గడుస్తుందో బయట నిలబడ్డవాళ్ళకు అంత నెమ్మదిగా గడుస్తుందని ఎవరూ చెప్పలేదు.

రక్తం పరీక్షలకు పోయింది. ఆ సంచీ పైకి చేరేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరమ్మ బయటికి వచ్చి, ఒక్క సంచీతో మొదలుపెడుతున్నామనీ, రెండోది అవసరం పడకూడదని మొక్కుకోమనీ చెప్పి లోపలికి పోయింది. రెండోది ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఇంద్రసేన ఒంట్లో ఉంది, దాని మీద సీలు పడి ఉంది. ఆయన బెంచీ మీద కూర్చోలేక అందరికీ చాయ్ తెచ్చాడు. ఎవరూ తాగలేదు. మళ్ళీ తెస్తానని లేచాడు.

“కూసో అన్నా” అంది పద్మ. “నువ్వు తిరుగుతుంటే నాకు కండ్లు తిరుగుతున్నయ్.”

కూర్చున్నాడు. ఆపరేషన్ గది తలుపు రెండుసార్లు తెరుచుకుంది. మొదటిసారి వచ్చిన నర్సు ఎవరి ముఖమూ చూడకుండా పరుగున వెళ్ళి ఏదో పట్టుకుని పరుగున లోపలికి వెళ్ళింది. అంజన్ లేచి, మళ్ళీ కూర్చుని, చొక్కా మీద మరకను గోటితో గీకుతూ ఉండిపోయాడు. రెండోసారి డాక్టరమ్మే వచ్చింది. ఆడపిల్ల. తల్లికి రక్తం ఆగింది. రెండో సంచీతో పని పడలేదు.

అంజన్ ఇంద్రసేనను దాటుకుని పోయి పద్మ కాళ్ళ మీద పడ్డాడు. ఆమె బిత్తరపోయి కాళ్ళు బెంచీ మీదికి లాక్కుంది. లేవమని, తనకిట్లాంటివి అలవాటు లేవని, పోయి బిడ్డను చూసుకోమని అతడికి చెప్పి పంపించాక, కొంగుతో ముఖం తుడుచుకుని బిస్కెట్ ప్యాకెట్ విప్పింది.

దుర్గేష్ ఫోన్ వచ్చింది. ఆదుకున్నది మీరేనని ఇంద్రసేనకు దండాలు మొదలుపెట్టాడు. ఆ దండాలు వినడానికి ఇంపుగా ఉన్నాయి, ఒకటి రెండు ఊరుకుని విన్నాడు కూడా.

“నేను కాదు తమ్మీ” అన్నాడు తర్వాత. “మా చెల్లె. పద్మ. పేరు రాసుకో. గీమె గురించి నేనే మీకు చెప్పలే.”

దుర్గేష్ నంబరు అడిగాడు. ఇంద్రసేనకు చెల్లెలి నంబరు నోటికి రాదు. ఆమెను అడిగాడు. పద్మ నోట్లో బిస్కెట్టు నమిలి మింగేదాకా ఆగి, ఒక్కో అంకే చెప్పింది. ఆయన ఒక్కో అంకే అప్పజెప్పాడు.

“ఏ టైముల చేసినా ఎత్తుతవా అని అడుగుతున్నడు” అన్నాడు ఇంద్రసేన.

“నువ్వు చెప్పకు. ఇంకేమన్న చెప్తవ్” అని పద్మ ఫోన్ అందుకుని, బెంచీ మీదినుంచి లేచి, కిటికీ దగ్గరికి నడిచింది.