అటికమామిడి అడ్డుకోత

జిరాక్స్ మిషను అద్దం మీద కాగితాన్ని బోర్లా పెట్టబోతూ ఆగిపోయాను. కాగితం మీద ఉన్నది నా చేతిరాత.

నా రాతను నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అందంగా ఉంటుందని కాదు. తలకట్లన్నీ పక్క అక్షరానికి గొడుగు పట్టినట్టు వంగి ఉంటాయి. ‘ళ’ తోక కింది వరుసలోకి దిగి అక్కడివాళ్లను పలకరించి వస్తుంది. ఇరవై ఏళ్ల కిందట పోయిన నా బాటనీ నోట్సు, మూల చిరిగిన ప్లాస్టిక్ కవరులోంచి నన్ను చూస్తోంది. పోయినవాళ్లు ఎదురొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

“ఏటి సెల్లెమ్మా, అలాగుండిపోనావు? బాటనీ ఆఖరేడాది మాస్టర్ కాపీ అది. పరీక్షలొస్తన్నాయి కదా, ఓ ముప్పై సెట్లు తీసీ,” అన్నాడు షాపు యజమాని.

“ఇదెక్కడిదన్నయ్యా?”

“మా నాన్న షాపు సూసుకున్నకాడి నుంచీ ఉన్నాది. ఎవులో బాగా సదివినమ్మాయి రాసిందంట. యూనివర్సిటీ ఫస్టంట. గోల్డు మెడల్ కూడా ఇచ్చినారంట.”

ఆ యూనివర్సిటీ ఫస్టు గబుక్కున మిషను మూత మూసేసింది. ఎందుకంటే ఆ అమ్మాయి ఆ పేపరులోనే ఫెయిలైంది. నాలుగు మార్కుల తేడాతో.

విజయనగరంలో ఆ షాపుకు ఎదురుగానే కాలేజీ. ఫెయిలయ్యాక సిగ్గుతో ఆ రోడ్డు వైపు రావడమే మానేశాను. పెళ్లయింది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు. నలభై రెండో ఏట, మిగిలిన ఆ ఒక్క పేపరూ రాసేద్దామని వెళితే, పాత పద్ధతి రద్దయింది కాబట్టి ఆఖరి ఏడాది మొత్తం మళ్లీ కూర్చోవాలన్నారు. ఇదే చివరి అవకాశమనీ, ఈసారి పోతే ఇక లేదనీ ఆఫీసు గుమస్తా రెండుసార్లు చెప్పాడు. నా ముఖం చూసి ఒకసారి సరిపోదనుకున్నాడేమో. అప్పటి నుంచీ పొద్దున్న క్లాసు, మధ్యాహ్నం నుంచి జిరాక్స్ షాపులో పార్ట్ టైమ్ పని, కంగారు మాత్రం ఫుల్ టైమ్. షాపులో ఊరందరి దరఖాస్తులూ నేనే నింపేదాన్ని. వాళ్ల విద్యార్హత గడిలో డిగ్రీ అని గుండ్రంగా రాస్తూ, నా గడిలో ఎప్పుడు రాస్తానా అని ఒక క్షణం ఆగేదాన్ని.

ఆ నోట్సును పరీక్షకు ముందు ఒక స్నేహితురాలు అడిగి తీసుకుంది. మళ్లీ నా చేతికి రాలేదు. ఎవరింటి అటక మీదో ఉందనుకున్నాను గానీ ఇలా లోకసంచారం చేస్తోందనుకోలేదు. డిగ్రీ లేనిదానికి మాస్టర్స్ ఎవరిస్తారు? నాకు మాత్రం మాస్టర్ కాపీ దక్కింది. ముప్పై సెట్లూ తీసేశాను. దాచడమెందుకు, లోపల కొంచెం మురిసిపోయాను కూడా.

మర్నాడు క్లాసులో నా పక్కన కూర్చునే పిల్ల ఆ సెట్టే పట్టుకొచ్చింది. రామతీర్థం వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల. అటికమామిడి కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల కనిపించే అడ్డుకోత బొమ్మ ఉన్న పేజీ తెరిచి, మూల మీద వేలు పెట్టి ఏదో వల్లెవేస్తోంది. తొంగి చూశాను. బొమ్మ పక్కన నా రాతలోనే మూడు మాటలున్నాయి: ఇంగువ, వత్తులు, చెప్పు. సాయంత్రం ఇంటికి వస్తూ తెమ్మని మా అమ్మ చెప్పిన రెండు సరుకులు, కుట్టించమన్న ఒక చెప్పు.

“అదెందుకమ్మా చదువుతున్నావు?”

“కోడ్ ఆంటీ! మీకు తెల్దా? ఈ కాండంలో గొట్టాల గుంపులు మూడు వలయాలుగా ఉంటాయి కదా. ఇంగువంటే లోపలి వలయం, వంటింట్లో ఉంటాది. వత్తులు మధ్య వలయం, దేవుడి గదిలో. సెప్పు బయటి వలయం. సెప్పులు ఎప్పుడూ బయటే కదాంటీ!”

“ఎవరు చెప్పారు నీకు?”

“సీనియర్లు. ఆళ్లకి ఆళ్ల సీనియర్లు.”

మా అమ్మ ఇంగువ డబ్బా ఇరవై ఏళ్లుగా పరీక్షలు రాస్తోందన్నమాట.

అంతలో మేడమ్ వచ్చారు. నాకంటే పదేళ్లు చిన్నది, శ్రీకాకుళంలో చదువుకుని వచ్చింది. సరిగ్గా ఆ కాండం బొమ్మే బోర్డు మీద గీసి మా వైపు తిరిగారు.

“నీళ్లు మోసే గొట్టాలు దారువు. తిండి మోసేవి పోషక కణజాలం. ప్రతి గుంపులోనూ దారువు లోపలికి, పోషక కణజాలం బయటికి. ఏటా సగం మంది దీన్ని తలకిందులుగా రాస్తున్నారు! దారువు బయట పెడుతున్నారు! అంతా ఆ జిరాక్స్ నోట్సు పుణ్యం. రాసిన మహాతల్లి ఎవరో గానీ, దొరికితే ఈ బోర్డు దగ్గర నిలబెడతాను.”

పక్క పిల్ల పేజీ వైపు చూశాను. దారువు బయట. పోషక కణజాలం లోపల. వంగిన తలకట్లతో, ఎంతో నమ్మకంగా.

నేను ఫెయిలైన ఏడాది పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. బొమ్మ గీసి పేర్లు పెట్టమన్నారు. నేను ఇలాగే పెట్టాను. దానికి తగిలించిన వివరణ కూడా ఇలాగే రాశాను. పోయిన నాలుగు మార్కులూ ఎక్కడ పోయాయో ఇప్పుడు బోర్డు మీద కనిపిస్తున్నాయి. నా చదువుకు అడ్డుకోత పెట్టింది నా పెన్నే.

కానీ ఇరవై ఏళ్లుగా నేను అందరికీ చెప్పిన కథ వేరు. పేపరు దిద్దినవాడు నిద్రమత్తులో దిద్దాడని చెప్పాను. మా ఆయన అది మనసా వాచా నమ్మాడు. నా చదువు మాట వచ్చినప్పుడల్లా, ముఖం కూడా తెలియని ఆ మనిషిని తిట్టందే ఆయనకు టీ దిగేది కాదు.

క్లాసు అయ్యాక మేడమ్ ఉన్న ల్యాబ్ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. చెబితే ఇంటర్నల్ మార్కులు ఆమె చేతిలో. చెప్పకపోతే నిన్న నేనే తీసిన ముప్పై సెట్లు ముప్పై చేతుల్లో. నాలా నాలుగు మార్కుల తేడాతో ఇంటికి పోయే పిల్ల వాళ్లలో ఎవరో!

“మేడమ్, ఆ మహాతల్లి నేనే.”

ఆమె నవ్వుతుందనుకున్నాను, లేదా అరుస్తుందనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుండిపోయింది.

“మరి... ఇంగువ, వత్తులు?”

“మా అమ్మ తెమ్మన్నవి మేడమ్.”

“ఏటండీ ఇది!” కాలేజీ భాష ఎక్కడో జారిపోయింది. “ఆ నోట్సు శ్రీకాకుళం కూడా వచ్చిందండీ. నానూ అదే సదివేను. ఆ బొమ్మకే మార్కులు పోయినాయి నాకు. అప్పట్నుంచి మీకోసమే ఎదురు సూస్తన్నాను!”

అన్న మాట ప్రకారం మర్నాడు నన్ను బోర్డు దగ్గర నిలబెట్టింది. గీశాను. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. తప్పు నాదేనని క్లాసుకు చెబితే, పక్క పిల్ల నమ్మలేనట్టు అడిగింది, “అయితే ఇంగువ కోడ్ కాదాంటీ?” దాని బాధ దానిది.

ఆ మధ్యాహ్నం షాపులో వైట్‌నర్ తీసి మాస్టర్ కాపీ మీద పేర్లు మార్చడం మొదలుపెట్టాను. యజమాని పరుగెత్తుకొచ్చాడు.

“పాడు సేసీసినావేటి సెల్లెమ్మా! యూనివర్సిటీ ఫస్టు రాసినదాన్ని నువ్వు దిద్దుతావేటి?”

“రాసింది నేనే అన్నయ్యా.”

ఆయన నన్నూ, కాగితాన్నీ, నా భుజానికున్న కాలేజీ సంచినీ మార్చి మార్చి చూశాడు.

“నువ్వా? మరి నువ్వింకా సదువుతన్నావు కదా?”

పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. రాకపోతే బాగుండునని ఎంత దండం పెట్టుకున్నానో! బొమ్మ గీసి మొదటి పేరు రాయబోతే, నా చెయ్యి దానంతటదే బయటి గీత దగ్గరికి వెళ్లి ‘దా’ రాసేసింది. ఇంత జరిగాక కూడా! కొట్టేసి, పెన్ను కింద పెట్టి, ఆ చేతిని రెండో చేత్తో కాసేపు పట్టుకుని కూర్చున్నాను. తరవాత లోపలి గీత దగ్గర రాశాను.

ఫలితాలు వచ్చిన రోజు పక్క పిల్లే ఫోనులో చూసి చెప్పింది. ఇద్దరం పాసయ్యాం. ఇంటికి వెళ్లి మా ఆయనకు చెబితే, టీ గ్లాసు పట్టుకుని వెంటనే అందుకున్నాడు, “ఆ దిద్దినోడు ఇప్పుడు రావాల! ఆడి కళ్లు...”

“ఆయన సరిగ్గానే దిద్దాడండీ,” అన్నాను. జరిగిందంతా చెప్పాను.

గ్లాసు కింద పెట్టాడు. “అయితే ఇన్నేళ్లూ నాను తిట్టింది నిన్నేనేటి?”

“నన్నే.”

గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “మరి నీకొక్క తిట్టూ తగల్నేదా?”