మాస్కు ఆఖర్న

"...ముక్కు దురద పెడితే గోక్కోడానికి కూడా నీ పర్మిషనేనా?" అంటున్నారు పెద్ద డాక్టరు.

"గ్లౌజులు తీసేదాకా అంతే సార్. చెయ్యి దించండి."

ఆయన చెయ్యి దించారు.

అంటురోగాల వార్డు పక్కనున్న ఆ ఇరుకు గదిలో ఇది రోజూ ఉండే తగువే. వార్డులోంచి వచ్చినవాళ్లు ఒంటిమీది తొడుగులు విప్పేది అక్కడే. విప్పేటప్పుడే రోగం అంటుకునే ప్రమాదం ఉందని, ఇరవై రెండేళ్లుగా ఆయా పని చేస్తున్న ఆవిణ్ణి, అవే తొడుగులు వేసి, ఎర్రగీతకు ఇవతల స్టూలు మీద కూర్చోబెట్టారు. ముందు గ్లౌజులు, చేతులు కడుక్కోవాలి. తర్వాత గౌను, మళ్లీ కడుక్కోవాలి. కళ్లద్దాలు, మళ్లీ. మాస్కు ఆఖర్న. ఎవరు తొందరపడినా "ఆగండి" అనేది. దాంతో ఆగమ్మ అయింది. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

తప్పు చేసినవాళ్ల పేరు ఆవిడ నోటుబుక్కులో పడేది. పేరు పడితే ఆస్పత్రి హాస్టల్లో ఏడు రోజులు ఒంటరి గది. తొమ్మిది పేర్లు పడ్డాయి. నాలుగోది పెద్ద డాక్టరుది. రోగం కన్నా ఆ నోటుబుక్కుకే అందరికీ ఎక్కువ హడలు. అయిదు నెలలుగా ఆ గది దాటినవాళ్లలో ఒక్కరూ మంచం పట్టలేదు.

ఈ అలవాటు ఫోన్లోనూ పోలేదు. దర్జీ పని చేసే భర్త వీడియోలో ఉల్లిపాయ ఒలుస్తుంటే, పైపొర తీశాక చేతులు కడుక్కోమంది. బట్టలు కుట్టడానికే తానింత ఆలోచించనని ఆయన విసుక్కున్నాడు. కొత్తగా అడుగులేస్తున్న మనవడైతే, ఫోన్లో అమ్మమ్మ గొంతు వినపడగానే ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోతున్నాడట. ఇంటికి పోకుండా చేసే ఈ విడత మూడు వారాల డ్యూటీ ఇవాళ్టితో సరి. వాడి నడక రేపు కళ్లారా చూడాలని ఆవిడ వారంనించి వేళ్లు లెక్కపెడుతోంది.

పెద్ద డాక్టరు గ్లౌజులు తీసి, చేతులు కడుక్కుని, గౌను విప్పారు. ఆగమ్మ దాన్ని సంచిలో కుక్కి మూతి కట్టింది. తలెత్తి చూస్తే ఆయన చేతులు కడుక్కోకుండానే కళ్లద్దాలు ఎత్తబోతున్నారు. ఆగండి అంది. ఫ్యాను హోరులో ఆయనకు వినపడలేదు. ఇంకో రెండుసార్లు అంది. నాలుగోసారి మాస్కు గడ్డం కిందికి లాగి గట్టిగా అరిచింది.

ఆయన ఆగారు. ఆవిడ వైపు తిరిగారు.

"ఆగమ్మా, మాస్కేదీ?"

ఆవిడ తన చేతుల వైపు చూసుకుంది. సంచి కట్టిన గ్లౌజులు అలాగే ఉన్నాయి.

అద్దాల వెనక ఆయన కళ్లు నవ్వాయి. అయిదు నెలల కక్ష తీరే సమయం. కానీ మనవడి సంగతి ఆస్పత్రిలో తెలియనిదెవరికి?

"నేనేం చూడలేదు. రేపు ఇంటికి పో," అన్నారు.

ఆవిడ గ్లౌజులు తీసి కడుక్కుంది. గౌను తీసి కడుక్కుంది. అద్దాలు, మళ్లీ కడగడం. మాస్కు ఆఖర్న. ఆపైన నోటుబుక్కు తెరిచింది.

ఆయన తొంగిచూసి, పదో పేరు చదివి, "ఈవిడెవరు?" అని అడిగారు.

ఆవిడ బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది.

"ఏవండీ, ఇంకో ఏడు రోజులు నేను రాను. ఫోన్ కూడా చెయ్యను. వాణ్ణి నడవనివ్వండి."