జయరావు గాంధారం

తోలు ముక్క అంచును మునిశేఖర్ బొటనవేలితో ఒత్తి పట్టుకున్నాడు. హార్మోనియం తిత్తి మడతల్లో మూడుచోట్ల చిరిగింది. మేకతోలును పలుచగా చెక్కి, బంక పూసి అతికించి, ఆరేదాకా రెండు చెక్కల మధ్య బిగించాలి. తొందరపడితే మడత దగ్గర మళ్లీ గాలి పోతుంది.

తిరుపతిలో ఒక సందు చివర అతని కొట్టు. ఆగిపోయిన నాటక సమాజాల దగ్గర పాత హార్మోనియం పెట్టెలు కొంటాడు, బాగుచేసి భజన బృందాలకు అమ్ముతాడు. అతనికి గురువంటూ లేడు. పాడైపోయిన పెట్టెలను విప్పి విప్పి నేర్చుకున్నాడు.

ఈ పెట్టె మాత్రం అమ్మకానికి వచ్చింది కాదు. తడ అనే ఊరి నుంచి కృపామణి తెచ్చింది. వాళ్ల నాయన జయరావు నలభై ఏళ్లు చర్చిలో దీన్నే వాయించాడు. పోయినేడు ఆయన కాలం చేశాక ఆమె వాయిస్తోంది. "తిత్తి ఒకటి బాగుచెయ్యన్నా, ఆదివారానికి కావాల" అని చెప్పి వెళ్లింది.

తిత్తి పని అయ్యాక మునిశేఖర్ ఒక్కో మెట్టూ నొక్కి, ఫోనులో శృతి కొలిచే యాప్ పెట్టి చూశాడు. అన్నింటికీ సూది నడిమధ్యన నిలిచింది. మధ్యస్థాయి గాంధారానికి మాత్రం ఎడమకు వాలింది. ముసలాయనకు చెవి తగ్గినట్టుందే అనుకున్నాడు. ఆ రీడు ఊడదీసి, ఇత్తడి నాలుక కొసను ఆకురాయితో రెండుసార్లు రాశాడు. కొస పలుచనైతే స్వరం పెరుగుతుంది. సూది మధ్యకు వచ్చింది. అడగని పనే అయినా చేసినందుకు తృప్తిగానే ఉండింది.

శనివారం పొద్దున కృపామణి వచ్చి పెట్టె ముందు కూర్చుంది. తిత్తి ఆడించి చూసి తల ఊపింది. కీర్తన ఎత్తుకుంది. రెండో పాదంలో చెయ్యి ఆపేసింది.

"అన్నా, గాంధారాన్ని ఏం చేసినావు?"

"తగ్గుండెమ్మా, సరిచేసినా. దానికి నువ్వు దుడ్లేం ఇయ్యబల్లే."

"ఇచ్చేది కాదు. మా నాయన వారం దినాలు కూసోని దించినాడు దాన్ని."

"దించినాడా? సూడు, ఫోనులో ఎంత సక్కగా ఉండాదో."

"ఆ ఫోన్నే తీసుకొచ్చి రేపు చర్చిలో పాడించు పో."

మునిశేఖర్‌కు నవ్వు రాబోయి ఆగింది. ఆమె షడ్జం మెట్టును నొక్కి పట్టి, దాని మీద గాంధారాన్ని పెట్టె పలికినదానికన్నా ఒక రవ్వ కిందుగా పాడింది. గొంతు నీళ్లలా కలిసిపోయింది. తర్వాత పాడడం ఆపి, రెండు మెట్లూ కలిపి నొక్కింది. నాదం గడగడా వణికింది.

అతను తల వంచుకుని విన్నాడు. ఇన్నేళ్లూ చెవితో చేసిన పనే ఇది. ఈ ఒక్కసారి ఫోన్ను ముందు అడిగాడు.

రీడు తీసి వెలుతురుకు పట్టాడు. నాలుక మొదట్లో సన్నటి గీతలున్నాయి, జయరావు గీసినవి. కొసను రాసిన రోజు వాటిని చూడనేలేదు.

"మళ్లా దించాలంటే మొదట్లోనే గీకాలమ్మా. ఆడ మీ నాయన ముందే పలుచన చేసినాడు. కొస నేను పలుచన చేస్తి. విరిగితే ఇట్లాంటిది నాకాడ లేదు. వేరేది ఏస్తే ఈ గొంతు రాదు."

కృపామణి రీడును చేతిలోకి తీసుకుని చూసి తిరిగిచ్చింది. "ఇట్లే తీసుకపోతే దినామూ ఈ వణుకే గదన్నా. చెయ్యి. నేనీడనే కూసోనుంటా."

అతను ఫోన్ను సొరుగులో పెట్టి మూశాడు. నాలుక కింద పలుచని బ్లేడు ఊతంగా దూర్చి, మొదట్లో ఆకురాయిని ఒక్కసారి లాగాడు. రీడు బిగించాడు. ఆమె రెండు మెట్లూ నొక్కింది. వణుకు కాస్త నిదానించింది.

"ఇంకా ఉండాది."

తీశాడు. ఈసారి మరీ మెల్లగా రాశాడు. నొసటి చెమట రీడు మీద పడకుండా మోచేత్తో తుడుచుకున్నాడు. మళ్లీ బిగించాడు. ఇప్పుడు వణుకు ఊయల ఆగబోయేముందు ఊగినట్టుంది.

"చాలా?" అన్నాడు ఆశగా.

"ఇంకొక్క రవ్వ."

ఆ ఒక్క రవ్వకే అతనికి భయం. బ్లేడు మీద ఇత్తడి నాలుక అప్పటికే కాగితంలా వంగుతోంది. ఆకురాయి బరువు తప్ప తన చేతి బరువు వెయ్యకుండా ఒక్క గీత గీశాడు. రీడు బిగించి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

కృపామణి నొక్కింది. రెండు స్వరాలూ ఒక్కటై నిలిచాయి, కదల్లేదు. ఆమె కీర్తన మొదటి నుంచి చివరిదాకా వాయించింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

"పోయిన నెల ఒకాయన ఈ పెట్టెను కొంటానని అడిగినాడన్నా. ఇయ్యలే."

"ఇయ్యొద్దు, నాకు కూడా" అన్నాడు మునిశేఖర్.

తిత్తిని మడిచి కొక్కెం పెట్టాడు. రెండు వారాలు ఎండ తగలనియ్యొద్దని చెప్పి, పెట్టెను దుప్పట్లో చుట్టి, ఆటో సీటు మీద ఆమె పక్కన పెట్టాడు.