ఒట్టి ఫ్లాష్

గంగాధరప్ప రోజూ పొద్దున చేసే మొదటి పని, అనంతపురం పోయే బస్సు డ్రైవరు చేతికి ఒక కవరు ఇవ్వడం. అందులో ముందురోజు తీసిన రీలు ఉంటుంది. జిల్లా పేపరు ఆఫీసులో దాన్ని కడిగి, పనికొచ్చే ఫోటో ఒకటో రెండో ఉంచుకొని, నెగటివులు సాయంత్రం బస్సుకు తిప్పి పంపిస్తారు. అచ్చయిన ఫోటోకే డబ్బులు. రీలు ఖర్చు అతనిదే. అందుకే రీలుకు వచ్చే ముప్పై ఆరు ఫోటోలను అతను పెళ్లి పంక్తిలో నెయ్యి వడ్డించే పిసినారి ముసలమ్మలా వాడేవాడు.

కదిరి నుంచి తనకల్లు పోయే దారిలో, ఒక క్రాసు దగ్గర అతని స్టూడియో. ఆ రోడ్డే అతని పొలం. మోపెడ్ మీద పోతూ సంతకు గొర్రెలు తోలేవాళ్లను, నీళ్ల ట్యాంకరు ముందు బిందెల వరుసను తీసేవాడు. అంతకన్నా ఎక్కువగా పాడుబడ్డవి తీసేవాడు: మూతపడిన నూనె మిల్లు, కప్పు లేచిపోయిన పట్టుపురుగుల షెడ్డు, కంప మింగేసిన బంగళా. పేపరువాళ్లకు అవే ఇష్టం. ఫోటోలో మనిషి ఉంటే కరువు తేలిపోతుందని, ఎవరూ లేకుంటేనే చదివేవాడి గుండెకు తగులుతుందని ఒక సబ్ ఎడిటరు ఫోన్లో అతనికి నేర్పాడు.

కెమెరా కనబడితే పల్లెల్లో జనం ఊరుకోరు. అందరికీ ఫోటో కావాలి. దానికి ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ఫోటో తీయకుండా ఫ్లాష్ మాత్రం వెలిగించడం. ఒట్టి ఫ్లాష్ అంటారు. మొహం మీద వెలుగు పడితే ఫోటో పడినట్టే అనుకొని మనిషి సంతోషంగా వెళ్లిపోతాడు. రీలు మిగులుతుంది.

2003 జూలైలో ఒకరోజు రోడ్డు పక్కన దిగుడు బావి తీయడానికి ఆగాడు. మెట్ల మీద జిల్లేడు, లోపలంతా కంప, నీళ్లు ఉండాల్సిన చోట ఒక పాత టైరు. వెనక చేన్లో నల్లప్ప అనే రైతు ఎద్దులు కట్టిన గొర్రుతో శెనక్కాయ విత్తుతున్నాడు. చేను కదిరిలో ఉండే ఆసామిది. నల్లప్ప గుత్తకు చేస్తున్నది అది ఆరో ఏడు. కాగితం లేదు, నోటిమాటే.

ఎద్దుల్ని కాసేపు పక్కకు తోలుకోమన్నాడు గంగాధరప్ప. నల్లప్ప తోలుకున్నాడు. ఏడు ఫోటోలు అయ్యేదాకా చూసి, దగ్గరికొచ్చాడు.

"పాడుబడిన బాయిని ఏడు తూర్లు తీస్తివి. బతికుండే మనిషిని ఒక్క తూరి తీయకూడదా అన్నా?"

గంగాధరప్ప నవ్వి, నిలబడమన్నాడు. నల్లప్ప తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. గొర్రు పట్టుకొని, వెనక బావి కనబడేట్టు నిలబడ్డాడు. ఫ్లాష్ వెలిగింది. ఇంత ఎండలో లైటు ఎందుకని అడిగితే, నీ నలుపుకు ఎండ చాలదప్పా అన్నాడు గంగాధరప్ప. ఇద్దరూ నవ్వుకున్నారు.

బావి ఫోటో మొదటి పేజీలో పడింది. గంగాధరప్ప దాన్ని పెద్దది చేయించి, అద్దం కట్టించి, కింద తేదీ రాయించి స్టూడియోలో తగిలించుకున్నాడు.

ఆ ఏడు పంట పోయింది. మరుసటి ఎండాకాలంలో నల్లప్ప ప్రాణం తీసుకున్నాడు. కౌలు రైతు అని పేపరు రాసింది. విచారణకు వచ్చిన అధికారులకు పేపరు మాట చాలలేదు. వాడు నా దగ్గరికి కూలికొచ్చేవాడు, అంతే, అన్నాడు ఆసామి. రైతని తేలితే ప్రభుత్వ సాయం ఇంటికి వస్తుంది. కూలీ అయితే ఏమీ రాదు. నల్లప్ప ఆ చేన్లో సేద్యం చేసినట్టు ఏ ఆధారం ఉన్నా సోమవారంలోగా చూపించమని అతని పెళ్లాం హనుమక్కకు చెప్పి పోయారు.

మర్నాడు పొద్దున్నే ఆమె స్టూడియోకు వచ్చింది. గొర్రు పట్టుకొని, వెనక బావి పడేట్టు తన మొగుణ్ణి తీసిన ఫోటో కావాలంది. ఆ ఫోటో ఉందని అధికారులకు చెప్పానని కూడా అంది.

గంగాధరప్పకు గుర్తుకు రావడానికి కొంతసేపు పట్టింది. గుర్తుకొచ్చాక, ఆ రీలు పాడైపోయిందన్నాడు.

హనుమక్క తల తిప్పి గోడ మీది బావిని చూసింది.

"ఆ పొద్దు తీసిందే కదన్నా అది? అది పాడుకాలేదే."

అతను బల్ల మీది కవర్లు సర్దాడు.

"ఇంటికొచ్చి చెప్పినాడన్నా. బాయి పక్కన నన్నూ తీసినాడు, పేపర్లో పడతాను చూడు అని. వారం దినాలు టీ బంకుకు పోయి పేపరు చూసొచ్చినాడు."

అప్పుడు నిజం చెప్పాడు. ఒట్టి ఫ్లాష్ అంటే ఆమెకు అర్థం కాలేదు. కెమెరా తీసి చూపించాల్సి వచ్చింది. వెలుగు ఆమె మొహం మీద పడింది. ఎన్ని ఫోటోలు అయ్యాయో చూపే చోట అంకె కదల్లేదు.

"అట్లయితే ఆ మనిషి తలగుడ్డ చుట్టుకొని నిలబడింది దీనికా" అంది. తిట్టలేదు. సోమవారం వచ్చి, కళ్లతో చూసింది చెప్పమని అడిగి వెళ్లిపోయింది.

సోమవారం గంగాధరప్ప అద్దం కట్టిన ఫోటో చంకలో పెట్టుకొని అధికారుల దగ్గరికి వెళ్లాడు. ఆ రోజు నల్లప్ప విత్తనం వేస్తుండగా చూశానని చెప్పాడు. వాళ్లలో పెద్దాయన ఫోటోను వెలుగుకు తిప్పి చూశాడు.

"ఇందులో మనిషేడీ?"

"పక్కకు జరగమన్నాను సార్."

"ఎందుకు?"

"ఫోటో బాగుండాలని."

వృత్తి అన్న గడిలో కూలీ అని రాశారు. హనుమక్క గోడకు ఆనుకొని వింటోంది. ఫోటో మాత్రం నిజంగా బాగుందన్నాడు పెద్దాయన. కరువు నివేదికలో పెట్టడానికి ఒక కాపీ పంపించమన్నాడు. గంగాధరప్ప పంపించాడు.

వానలు పడక ముందే హనుమక్క ఇంటికి తాళం వేసి, కట్టడం పనికి బెంగళూరు పోయింది. ఆ ఏడు ఆ మండలం నుంచి సాయానికి పోయిన జాబితాలో పదకొండు పేర్లున్నాయి. నల్లప్పది లేదు. కరువు నివేదికలో బావి మూడో పేజీలో ఉంది.