ఫిల్టర్ బ్రదర్లు

నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా సంఘం నన్ను రెండేళ్ల సువార్త సేవకు బెంగళూరు పంపింది. మాది గుంటూరు వైపు పల్లె. ఆదివారం కూడికలో నాచేత ప్రార్థన చేయించేవారు. కళ్లు మూసుకుని "మహోన్నతుడవును, మహిమాన్వితుడవును" అని ఎత్తుకున్నానంటే పది నిమిషాలకు తగ్గేది లేదు. ఆ గొంతుతో ఊరంతా కదిలించేస్తానని రైలెక్కాను.

బొమ్మనహళ్ళిలో మూడో అంతస్తులో గది ఇచ్చారు. ఇద్దరిద్దరుగా తిరగాలన్నది నియమం. నాకు జోడీగా వచ్చినవాడిది మిజోరం. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివాడు. తెలుగు మాత్రం మూడు నెలలు పుస్తకంలో చూసి నేర్చుకున్నాడు. పొద్దున లేవగానే "సోదరుడా, తమరు సుఖముగా నిద్రించితిరా?" అనేవాడు. నేను జవాబు చెప్పేలోగా బాత్‌రూమ్‌లో దూరేవాడు. నీళ్లు అరగంటే వచ్చేవి మరి.

తెల్లచొక్కా, నల్లప్యాంటు, మెడలో ట్యాగ్, భుజాన బ్యాగు. ఈ వేషంలో మమ్మల్ని చూసి కొందరు "కొరియరా?" అనేవారు, కొందరు "ఇంటర్నెట్టా?" అనేవారు. లోపలికి రమ్మంటేనే వెళ్లాలనీ, వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయాలనీ మా పాస్టరుగారు చెప్పారు. మొదటి వారమంతా నమస్కారాలే పెట్టాం.

రెండో వారం వీధి చివరింట్లో ఒక అవ్వ తలుపు తీసీ తీయగానే మామీద విరుచుకుపడింది. "మూడు దినాలాయ ఫోన్ చేసి! ఇప్పుడా వచ్చేది?"

ఆమెది మదనపల్లె వైపు. పెళ్లయి వచ్చినప్పటినుంచీ ఇక్కడే. కొడుకూ కోడలూ గార్మెంట్స్ ఫ్యాక్టరీకి వెళితే పగలంతా ఒక్కతే ఉంటుంది.

నేను గొంతు సవరించుకున్నాను. "అవ్వా, మీకొక శుభవార్త తెచ్చాం."

"స్పేర్ పార్టు వచ్చిందా? అయితే రాండప్పా లోపలికి."

వంటింట్లో వాటర్ ఫిల్టర్ చూపించింది. మేం ఆ మనుషులం కామని నేను చెప్పబోయేసరికే మావాడు బ్యాగు దించి, స్క్రూడ్రైవర్ తీశాడు. "సోదరుడా, నీటి గొట్టము మూసుకొని యున్నది" అన్నాడు. ఇరవై నిమిషాల్లో నీళ్లు ధారగా వచ్చాయి.

"మీ కంపెనీలో మీరే నయం" అంది అవ్వ.

"కంపెనీ కాదవ్వా. మేం దేవుని సేవ చేస్తాం."

"సర్వీసే కదప్పా, నేను చెప్పేదీ అదే."

మర్నాడు మా గది ముందు ఒక మిక్సీ ఉంది. ఆ మర్నాడు టేబుల్ ఫ్యాన్. నెల తిరక్కుండా వీధి వీధంతా మమ్మల్ని ఫిల్టర్ బ్రదర్లు అనసాగింది. తలుపులు తెరుచుకుంటున్నాయి. మావాడు విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. ప్రార్థన ఎత్తుకుందామని నోరు తెరిస్తే చాలు, నా చేతిలో నాలుగు మరలు పెట్టి పట్టుకోమంటున్నాడు. ఎన్ని ఇళ్లలో వాక్యం చెప్పామో పాస్టరుగారికి వారం వారం రాసి పంపాలి. "ఫ్యాన్లు మూడు, మిక్సీలు రెండు అని వ్రాయుదుమా?" అన్నాడు మావాడు. నాకు ఒళ్లు మండింది. మనం వచ్చింది దేనికని కేకలేశాను. నిజానికి నాది భక్తి కాదు, అసూయ. అతడు బాధపడ్డాడు.

ఆ వారంలోనే అతనికి జ్వరం వచ్చింది. కింది ఇంటావిడ మిక్సీ తెచ్చింది, చుట్టాలొస్తున్నారు, చట్నీ రుబ్బాలట. అతనే కావాలా, నేను చేయలేనా అనుకున్నాను. విప్పాను, బిగించాను. ఒక స్ప్రింగు మిగిలింది. అది అవసరం లేనిదేమో అనుకుని ప్లగ్గు పెట్టాను. ఢామ్మని పేలి బిల్డింగంతా కరెంటు పోయింది. రెండో అంతస్తులో ఇంటినుంచే ఆఫీసు పని చేసుకునే ఆయన హెడ్‌ఫోన్లతోనే మెట్లమీదికి వచ్చి "యారప్పా అదు?" అని, ఎవడయ్యా అదని కన్నడంలో అరిచాడు. మావాడు దుప్పటి కప్పుకుని వణుకుతూ కిందికి దిగి, ఫ్యూజు వేసి వచ్చి, "సోదరుడా, తమరు దయచేసి ప్రార్థన మాత్రమే చేయుడి" అని పడుకున్నాడు.

జ్వరం సంగతి తెలిసి సాయంత్రం అవ్వ రాగిముద్ద, మిరియాల చారు పట్టుకుని మూడంతస్తులు ఎక్కి వచ్చింది. కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటూ అడిగింది. "అవునప్పా, నిజంగా మీరు ఏం పని చేసేది?"

చెప్పాను. శ్రద్ధగా విన్నది.

"నాకు మా వెంకటరమణ ఉండాడు. ఆయప్పను ఇడిసేది లేదు. అయినా ఈ బిడ్డకు జరం తగ్గాలని మీ దేవునికి చెప్పు, చూస్తా."

ఇన్నాళ్లకు అవకాశం వచ్చింది. లేచి నిలబడి ఎత్తుకున్నాను. సర్వోన్నత స్థలములు, కృపాసింహాసనము, అన్నీ చుట్టివస్తున్నాను, జ్వరం దగ్గరికి ఇంకా రాలేదు. అవ్వ నా మోచెయ్యి తట్టింది.

"అప్పా, ఇంత కష్టం తెలుగు ఆయనకు అర్థమయితాదా? జరం తగ్గించమని సుమ్మనే, ఊరికే అడిగేదానికేం?"

దుప్పటి కింద మావాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. నా చెవులు వేడెక్కాయి. మళ్లీ కళ్లు మూసుకున్నాను.

"దేవా, వీడికి జ్వరం తగ్గించు. మొన్న ఊరికే వీణ్ని తిట్టాను. వీడు లేకపోతే ఈ ఊళ్లో నాకెవరూ లేరు. అవ్వ మోకాళ్లు కూడా చూడు."

అంతే. ఆ మాటలు నాలో ఉన్నాయని నాకే తెలియదు.

"ఆఁ, ఇట్ల చెప్తే ఎవురికైనా అర్థమయితాది" అంది అవ్వ.

జ్వరం మూడో రోజుకు తగ్గింది. డాక్టరు మాత్రలన్నాడు, అవ్వ తన చారు అంది, నేను మాత్రం నా ప్రార్థన అని లెక్క రాయలేదు. ఆ తర్వాత ప్రతి బుధవారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్లేవాళ్లం. కోడలి షిఫ్టు మారాలనీ, కొడుక్కు పంటినొప్పి తగ్గాలనీ నాకు పురమాయించేది. తన దేవుడికీ అదే సంగతి చెప్పుకునేది. ఆమె మా సంఘంలో చేరలేదు, నేను చేరమని అడగలేదు.

ఒకసారి పాస్టరుగారు మమ్మల్ని చూడటానికి వచ్చి ఆమెను పలకరించారు. "ఒగనికి చెయ్యి ఆడతాది, ఒగనికి నోరు ఆడతాది. ఇద్దర్నీ ఇడదీయొద్దు సామీ" అంది. ఆయన నవ్వి, సరేనన్నారు. కానీ ఆరు నెలలకోసారి జోడీలు మార్చడం మా పద్ధతి. మావాణ్ని ఊరికి ఇంకో మూలనున్న కె.ఆర్.పురం వైపు వేశారు.

వెళ్లే రోజు ఇద్దరం అవ్వ ఇంట్లోనే తిన్నాం. ముద్ద నమలకూడదు, మింగాలి అని అతనికి ఆరు నెలలుగా చెబుతోంది. ఆ పూట కూడా అతడు నమిలే తిన్నాడు. ఈసారి అవ్వ ఇంకో ముద్ద వేసింది.