మొదటి ఊరి దాకా ఆడి చూడు

నాకు రాయడం రాదు. ఐదో తరగతితోనే బడి ఆగిపోయింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పిపోతాయేమో, ఏమీ అనుకోకండి. అయినా యేసుదాసన్న గురించి ఎవరో ఒకరు రాయాలి కదా అని కూర్చున్నాను.

నిజామాబాద్ పసుపు యార్డులో బస్తాలు మోస్తాను. నిన్న ఒక వ్యాపారి లోపలి రంగు చూడటానికి, మెరుగు పెట్టిన పసుపు కొమ్మును నా పక్కనే టక్కున విరిచాడు. ఆ చప్పుడుకు, ఆ ఘాటుకు అన్న గుర్తొచ్చాడు.

యార్డు దగ్గర ఆయనకు వీడియో గేముల దుకాణం ఉండేది. పని లేనప్పుడు పోయేవాణ్ణి. అక్కడ నాకు ఒక కథల ఆట ఇష్టం. అందులో మనమే ఒక మనిషిగా మారి ఊరూరా తిరగాలి, కనబడినవాళ్లతో మాట్లాడాలి, రాక్షసులతో కొట్లాడాలి. దానికి కొత్త భాగాలు వస్తూనే ఉంటాయి. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి అన్నే పక్కన కూర్చుని మాటలన్నీ తెలుగులో చెప్పేవాడు. ముసలమ్మ వస్తే గొంతు వణికించి, "ఓ బిడ్డా, నా మేకను సూసినవా?" అనేవాడు. దుకాణమంతా నవ్వేది.

ఒకసారి కొత్త భాగం వచ్చింది. అందరూ బ్రహ్మాండం అన్నారు. నాకు మాత్రం ఎక్కలేదు. చదువు లేని బుర్ర కదా, తప్పు నాదేననుకుని మొండిగా ఆడుతూ పోయాను. అన్న చూశాడు.

"ఏందిరా, కాకరకాయ నమిలినట్టు మొఖం పెట్టినవ్?"

"అందరికి మంచిగున్నదట అన్నా. నాకే సమజైతలేదు."

"యార్డుల కొమ్ము మెరుపు సూసి కొంటరా, ఇరిసి సూస్తరా? దీన్ని గూడ గట్లనే సూడు. మొదటి ఊరి దాక ఆడు. పని లేకున్నా ఆ ఊర్ల ఇల్లిల్లు తిరగబుద్ధయితే అది నీదే. కాకుంటే ఇడిసిపెట్టు. ఆట చెడ్డది గాదు, నువ్వు మొద్దోనివి గాదు. నీకు పడదు, గంతే."

మొద్దువి కాదని నాతో అన్న మొదటి మనిషి ఆయనే.

ఇప్పుడు అన్న లేడు, దుకాణమూ లేదు. మొన్న మా బిడ్డ తన మొదటి జీతంతో ఆ ఆట కొత్త భాగం కొనుక్కొచ్చి, "నీకోసమే బాపూ" అంది. ఆడాను. మొదటి ఊరు వచ్చింది. ఎంత అందంగా ఉందో! కానీ అంతా ఉరుకులే. ఎవరి ఇంటి ముందు నిలబడినా తెర మీది గడియారం తరుముతుంది. ఒక్క తలుపు కూడా తట్టాలనిపించలేదు. బిడ్డ నా మొఖమే చూస్తోంది. బాగుందనే అబద్ధం నోటి దాకా వచ్చింది. బాగాలేదంటే ఎంత చిన్నబోతుందో!

"ఎట్లున్నది బాపూ?"

"ఆట మంచిదే బిడ్డా. నాకు పడదు."

బిడ్డ పకపకా నవ్వింది. "గీ మాటకేనా గన్ని చెమటలు? జరుగు, నేనాడుత. నాకు గీ ఉరుకుడే ఇష్టం."

గుండె మీద నుంచి బస్తా దించినట్టైంది. ఆమె ఉరుకుతుంటే, దెబ్బలు తిని అరుస్తుంటే, పక్కన కూర్చుని హాయిగా చూశాను. పడనిది పడదని చెప్పినా మనవాళ్లు మనవాళ్లుగానే ఉంటారు. అన్న పుణ్యాన ఆ ధైర్యం నాకు మిగిలింది.

అక్షరాలు అటూ ఇటూ అయిన చోట మీరే సర్దుకుని చదవండి, నన్ను మన్నించండి.