ఒక వేలు ఎత్తు

మా ఆయన మునస్వామికి పిచ్చి అని బి.కొత్తకోట దాకా పేరుంది. పెళ్లికి పోతే అందరూ భోజనాల పందిట్లోకి పోతారు. ఈయన మాత్రం బయట నిలిపిన కార్ల దగ్గర ఆగి, చక్రానికీ పైన మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్లు పెట్టి కొలుస్తాడు. ఒకసారి పుంగనూరులో ఎవరో కారు సొంతదారు ఈయన్ని దొంగ అనుకుని చొక్కా పట్టుకున్నాడు. నేను పోయి విడిపించాను. ఆనాటి సిగ్గు, కోపం నాకు ఇప్పటికీ దిగలేదు.

పిచ్చీ కాదు, పాడూ కాదు. అదేమిటో మా ఇద్దరికే తెలుసు.

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీద మా షెడ్డు. పాత అంబాసిడర్లు, ఫియట్లు ఉన్నవాళ్లు ఇప్పటికీ వెతుక్కుంటూ వస్తారు. ఆయన పనికి ఒక పద్ధతి ఉంది. బండి వెనక బరువు మోసే కమాన్ పట్టాలు కొత్తవి వేశాక చివరి బోల్టులు వెంటనే బిగించడు. జాకీ దించి, నాలుగు చక్రాలూ నేల మీద ఆనించి, ఆ బండిలో తిరిగే మనుషులను ఎక్కించి కూర్చోబెట్టి, అప్పుడు కింద గుంతలో దిగి బిగిస్తాడు. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే బోల్టు చుట్టూ ఉన్న రబ్బరు ఆ వంకరలోనే పట్టేసుకుంటుంది. బండి ఎత్తుగా నిలబడిపోతుంది. అందుకని ముసలమ్మలను కూడా బతిమాలి ఎక్కించేవాడు. మనుషులు చాలకపోతే నన్ను పిలిచేవాడు.

"గౌరీ, వచ్చి ఎక్కు మే. నువ్వొక్కదానివి ఇద్దరికి లెక్క" అని ఎగతాళి వేరే.

పదకొండేళ్ల క్రితం ఒక్క బుధవారం ఆ పద్ధతి తప్పింది. బండి పుంగనూరు లెక్కల మాస్టారు రాజగోపాల్ గారిది, అంబాసిడర్. పట్టాలు మార్చడం అయింది గానీ బండి ఇంకా జాకీ మీదే ఉంది. పన్నెండు కొడితే రాహుకాలం. కొత్త సామాను వేసిన బండి రాహుకాలంలో గడప దాటకూడదు, తొందరగా పంపించెయ్యమని గొంతు చించుకున్నది నేనే. ఆయన జాకీ మీదే బిగించేశాడు. దించి చూస్తే వెనక కుడిపక్క లేచి ఉంది. లెక్కల మాస్టారు కదా, ఊరికే వదులుతారా.

"మునస్వామీ, ఒక వేలు ఎత్తుగా ఉండాదే?"

"రెండు దినాలు తిరిగితే సర్దుకుంటాది సార్."

మెకానిక్కులందరూ చెప్పే మాటే అది. మూడో రోజు కుప్పం పోయే దారిలో, ఒక మలుపు దగ్గర, బండి రోడ్డు దిగి పల్టీ కొట్టింది. మాస్టారు అక్కడికక్కడే పోయారు. బండిలోనే ఉన్న ఆయన భార్య కమలాక్షమ్మ చెయ్యి విరిగి బతికింది. మాస్టారు వేగంగా తోలి మలుపులో పట్టు తప్పారని అందరూ అనుకున్నారు. మమ్మల్ని అడగడానికి మా గడప ఎవరూ తొక్కలేదు.

ఆమె దగ్గరికి పోయి కాళ్ల మీద పడతానని మా ఆయన బయలుదేరాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"నోరు మూసుకోని కూర్చో. ఇద్దరు ఆడబిడ్డలుండారు మనకు. నీ బోల్టే సంపిందని ఎవురికి తెలుసు?"

నిజంగానే ఎవరికీ తెలియదు. బోల్టు వల్లనో, మలుపు వల్లనో పైవాడికే తెలియాలి. అయితే ఆ తెలియకపోవడమే మా ఆయనను తినేసింది. మిట్టమధ్యాహ్నం షెడ్డులో నిలబడి "సర్దుకుంటాది సార్" అని ఎవరికో జవాబు చెప్పేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఎవరో వచ్చారనుకుని రెండు గ్లాసుల్లో టీ పట్టుకుపోయాను. షెడ్డులో ఈయన తప్ప ఎవరూ లేరు. ఖాళీ గుంత వైపు చూస్తూ ఉన్నాడు. దిష్టి తీశాను, తాయెత్తు కట్టించాను, సోమలలో ఎవరో మంత్రం వేస్తారంటే అక్కడికీ లాక్కుపోయాను. మాస్టారు మాత్రం పన్నెండు గంటలకు తప్పకుండా వచ్చి ఆ ఒక్క ప్రశ్న అడిగి పోయేవారు. కొన్నాళ్లకు ఆ వేళలో షెడ్డులో కాలు పెట్టాలంటే నాకే భయం పట్టుకుంది.

మొన్న మాఘమాసంలో షెడ్డు ముందు ఒక లారీ ఆగింది. దాని మీద అదే అంబాసిడర్. డ్రైవరు పక్క నుంచి కమలాక్షమ్మ దిగింది. ఇప్పుడు కుప్పంలో తమ్ముడింట్లో ఉంటోందట. నలిగిన రేకులన్నీ అక్కడే సాపు చేయించిందట.

"కమాన్లు నువ్వే మార్చల్లప్పా. ఆయన నిన్ను తప్ప ఇంగొకరిని నమ్మలేదు" అంది.

ఇంట్లో ఉన్న దయ్యం చాలదని బండి కూడా వచ్చిందా అని నేను లోపల తిట్టుకున్నాను. మా ఆయన నాలుగు రోజులు పని చేశాడు. సరిగా అన్నం ముట్టలేదు. ఒక్క మాట కూడా జారవద్దు, బిగించి పంపించెయ్యి అని పూటకోసారి చెప్పాను. వింటున్నాడో లేదో తెలిసేది కాదు.

ఐదో రోజు కమలాక్షమ్మ వచ్చింది. ఆయన బండిని జాకీ దించి గుంత మీద నిలిపాడు.

"ఇందులో తిరిగేది ఎవురమ్మా?"

"నేనే."

"తోలేది?"

"అదీ నేనేనప్పా" అని ఆమె స్టీరింగ్ ముందు కూర్చుంది. వెనక బరువుకు నన్ను ఎక్కమన్నాడు. తను గుంతలోకి దిగాడు. స్పానర్ చప్పుడు రెండుసార్లు వినిపించి ఆగిపోయింది.

"అమ్మా" అని కింద నుంచి గొంతు వచ్చింది. "ఆ పొద్దు ఈ బోల్టులు జాకీ మీదనే బిగించినా. కుడిపక్క ఎత్తుగా ఉండాదని సారు అడిగినాడు. సర్దుకుంటాదని అబద్ధం సెప్పినా. బండి పడింది నా వల్లనేనేమో."

నేను కళ్లు మూసుకున్నాను. ఇప్పుడు ఈమె శాపనార్థాలు పెడుతుంది, నా బిడ్డలను కూడా కలిపి పెడుతుంది అనుకున్నాను.

కమలాక్షమ్మ స్టీరింగ్ మీద నుంచి చేతులు తీయలేదు.

"ఆ పొద్దు తోలింది ఆయన గాదప్పా, నేను. ఆయన నాకు నేర్పిస్తాండె. నాకు లైసెన్సు లేదని మా తమ్ముడు పోలీసులకు ఆయన పేరు సెప్పినాడు. మలుపులో బండి ఒక పక్కకు లాగింది. నా సెయ్యే తప్పిందనుకుంటి. మొగుణ్ణి సేతులారా నేనే సంపుకుంటినని ఇన్నేండ్లు కడుపులో పెట్టుకోనుండా. లాగింది బండా, నేనా, అది కనుక్కునేదానికే దీన్ని నీ కాడికి తెచ్చింది."

కింద మా ఆయన ఏడుస్తున్నాడు. అరవై మూడేళ్ల మనిషి ఏడుపు బండి అడుగు రేకులోంచి నా పాదాలకు తెలుస్తోంది. ఇన్నేళ్లూ ఆయనను విసుక్కున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఈ ఒక్క మాట అప్పుడే సెప్పింటే, సగం తప్పు నీ మీద ఏసి ఎట్లో బతికింటాను గదప్పా" అంది ఆమె. "యాల సెప్పలేదు?"

గుంతలో స్పానర్ చప్పుడు మళ్లీ మొదలైంది. ఆయన నా పేరు చెప్పడు. తలుపుకు అడ్డం నిలబడింది నేనని ప్రాణం పోయినా చెప్పడు. ముందు సీటులో ఆమె ఎదురుచూస్తోంది.

"నేనేనమ్మా" అన్నాను. "నోరు మూసుకోమనింది నేనే."